ఒక మార్కు బిట్ వెనుక ఒక జింక



ఏడో తరగతికి యూనిట్ టెస్ట్ రివిజన్ చేయిస్తున్న రోజు అది. బిట్లు వరసగా అడుగుతున్నాను. ప్రశ్న సగం చదివేలోపే పిల్లలు జవాబు అందుకుంటున్నారు. "ప్రపంచంలో నీటిపై తేలే ఏకైక నేషనల్ పార్క్..." అన్నానో లేదో, "కైబుల్ లామ్‌జావో, మణిపూర్!" అని క్లాసంతా ఒకేసారి అరిచింది. సంతోషంగా తర్వాతి బిట్‌కి వెళ్లబోయాను.

మూడో బెంచీలో ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "మేడం, నేల నీళ్ల మీద తేలుతుంటే దాని మీదున్న జంతువులు మునిగిపోవా?"

క్లాసు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే నాకు జవాబు తెలియదు. నేను బీఈడీ పూర్తి చేసి ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ప్రతి సంవత్సరం ఈ బిట్‌ను పిల్లలతో చదివిస్తున్నాను. స్పెల్లింగ్ తప్పు రాస్తే అర మార్కు తగ్గించాను కూడా. కానీ ఆ పేరు వెనుక ఏముందో ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. "రేపు చెప్తాను" అన్నాను. ఆ రేపు రావడానికి వారం పట్టింది. ఆ వారంలో చదివి తెలుసుకున్నదే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

ముందే చెప్పేస్తాను: అబ్బాయి అడిగిన ప్రశ్న నవ్వాల్సింది కాదు. మునిగిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. అది ఎందుకు వచ్చిందో అర్థమైతే, ఒక జంతువును కాపాడడం అంటే అసలు ఏమిటో కూడా మనకు అర్థమవుతుంది.

ఈ పార్కు ఎక్కడుంది?

మన దేశ పటంలో ఈశాన్యం వైపు, మయన్మార్ సరిహద్దుకు ఆనుకుని మణిపూర్ ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెంలాంటి లోయ. ఆ లోయలో రాజధాని ఇంఫాల్‌కు దక్షిణంగా లోక్‌తక్ అనే పెద్ద సరస్సు ఉంది. ఈశాన్య భారతంలో మంచినీటి సరస్సులన్నింటిలోకీ ఇదే పెద్దది. సముద్ర మట్టానికి దాదాపు 768 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ సరస్సు ఆగ్నేయ మూలన, బిష్ణుపూర్ జిల్లాలో, 40 చదరపు కిలోమీటర్ల భాగమే కైబుల్ లామ్‌జావో జాతీయ ఉద్యానవనం.

40 చదరపు కిలోమీటర్లంటే మరీ పెద్దదేమీ కాదు. మన నల్లమలలోని టైగర్ రిజర్వుతో పోలిస్తే చిటికెడంత. కానీ ఆ చిటికెడు చోటే ఒక జంతువుకు ప్రపంచమంతా. దాని పేరు సంగాయ్. అడవిలో స్వేచ్ఛగా తిరిగే సంగాయ్ జింకలు భూమి మీద మరెక్కడా లేవు. జంతుప్రదర్శనశాలల్లో కొన్ని ఉన్నాయి, అంతే.

నేల ఎలా తేలుతుంది?

మన ఊళ్లలో పంట కాలువలు, చెరువులు గుర్రపుడెక్కతో నిండిపోవడం మీరు చూసే ఉంటారు. పైనుంచి చూస్తే పచ్చటి మైదానంలా ఉంటుంది, కాలు పెడితే నేరుగా నీళ్లలోకే. లోక్‌తక్‌లో తేలే నేల మొదలవడం కొంచెం ఇలాగే, కానీ అక్కడితో ఆగదు. గడ్డి, రెల్లు, నీటి మొక్కలు పెరిగి చస్తాయి. చచ్చిన వేళ్లు, కాండాలు సగం కుళ్లి, వాటి మధ్య మట్టి చిక్కుకుని, పైన మళ్లీ కొత్త మొక్కలు మొలుస్తాయి. ఏళ్ల తరబడి ఇలా పొర మీద పొర చేరి ఒక మందపాటి చాప తయారవుతుంది. దాన్ని అక్కడి వాళ్లు ఫుమ్డీ అంటారు. వేళ్లలోని గాలి, కుళ్లేటప్పుడు పుట్టే వాయువులు ఈ చాపను తేల్చి ఉంచుతాయి.

ఫుమ్డీ మందం కొన్ని చోట్ల జానెడు కూడా ఉండదు, కొన్ని చోట్ల రెండు మీటర్ల దాకా ఉంటుంది. గ్లాసు నీళ్లలో ఐస్ ముక్క వేసి చూడండి. ఎక్కువ భాగం నీటిలోపలే ఉండి, పైకి కొంచెమే కనిపిస్తుంది. ఫుమ్డీ కూడా అంతే. సుమారు ఐదింట నాలుగు వంతులు నీటిలో, ఒక వంతు పైన. ఆ ఒక వంతు మీదే జింకలు, అడవి పందులు తిరుగుతాయి. పక్షులు గూళ్లు కడతాయి. చుట్టూ నీటిలో నీటికుక్కలు ఈదుతాయి. చలికాలంలో దూరదేశాల నుంచి వలస పక్షులు దిగుతాయి. లోక్‌తక్ మీద చేపలు పట్టుకుని బతికే కొన్ని కుటుంబాలు ఫుమ్డీల మీదే గుడిసెలు వేసుకుని ఉంటాయి.

అంటే మా క్లాసు అబ్బాయి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది. ఫుమ్డీ మందంగా ఉన్నంత వరకు జింక మునిగిపోదు. పెరిగిన మగ సంగాయ్ బరువు సుమారు 100 కిలోలు. ఆ బరువు మోయగల మందం ఉండాలి. ఆ మందం ఎక్కడి నుంచి వస్తుందన్నదే మిగతా సగం. దానికి తర్వాత వస్తాను. ముందు జింక సంగతి చూద్దాం.

నాట్యం చేసే జింక

సంగాయ్‌ని ఇంగ్లీషు పుస్తకాల్లో కనుబొమ్మ కొమ్ముల జింక అనే అర్థం వచ్చే పేరుతో రాస్తారు. మగ జింక కొమ్ము నుదుటి మీద ముందుకు వంగి మొదలై, అదే వంపుతో వెనక్కి తిరిగి, పక్క నుంచి చూస్తే విల్లులా కనిపిస్తుంది. ముందున్న కొమ్ము పాయ కనుబొమ్మ దగ్గర నుంచే పుట్టినట్టు ఉంటుంది, అందుకే ఆ పేరు. పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద మచ్చలుంటాయి, పెరిగే కొద్దీ పోతాయి.

దీనికి నాట్యం చేసే జింక అని ఇంకో పేరుంది. మెత్తటి చాప మీద నడిచేటప్పుడు గిట్టల కొసలతో కాకుండా, గిట్ట పైనున్న కాలి భాగం కూడా ఆనేలా అడుగు వేస్తుంది. బరువు ఒక్క చోట పడకుండా కొంచెం పరుచుకుంటుంది. మనం మెత్తటి పరుపు మీద నిలబడి నడిస్తే ఎలా ఆచితూచి అడుగు వేస్తామో అలాంటి నడక. చూసేవాళ్లకు అది నాట్యం. జింకకు అది బతుకుతెరువు.

మణిపురి భాషలో 'సా' అంటే జంతువు, 'ఙాయ్' అంటే ఎదురుచూడడం అని, ఈ రెండూ కలిసి సంగాయ్ అయిందని చెబుతారు. పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక్కసారి ఆగి, ఎవరికోసమో చూస్తున్నట్టు వెనక్కి తిరిగి చూస్తుందట. దీని మీద అక్కడ ఒక జానపద కథ ఉంది. కదెంగ్ థాంగ్‌జహన్బా అనే వీరుడు తను ప్రేమించిన తోను లైజింగ్‌లెంబికి కానుకగా ఇవ్వాలని చూలుతో ఉన్న ఒక సంగాయ్‌ని పట్టి తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి ఆమెకు రాజుతో పెళ్లయిపోయింది. కానుక తీసుకునే మనిషి లేకుండా పోయింది. మనసు విరిగి ఆ జింకను వదిలేశాడు. అది పరుగెత్తి కైబుల్ లామ్‌జావో చేరింది, అక్కడే దాని సంతానం పెరిగింది. ఈ కథ చెప్పినప్పుడు మా క్లాసు ఎంత నిశ్శబ్దంగా విన్నదో చెప్పలేను. రివిజన్‌లో అలాంటి నిశ్శబ్దం నేను ఎప్పుడూ చూడలేదు.

సంగాయ్ మణిపూర్ రాష్ట్ర జంతువు. నవంబరులో అక్కడ జరిగే పర్యాటక ఉత్సవానికి కూడా దీని పేరే పెట్టారు.

లేదనుకున్నది మళ్లీ దొరికింది

ఒకప్పుడు మణిపూర్ లోయ అంతా సంగాయ్‌లు తిరిగేవి. వేట పెరిగింది, చిత్తడి నేలలు పొలాలయ్యాయి. 1951 నాటికి ఈ జింక పూర్తిగా అంతరించిపోయిందని ప్రకటించారు. రెండేళ్ల తర్వాత, 1953లో, ఇ.పి.జీ అనే ప్రకృతి పరిశోధకుడు లోక్‌తక్ ఫుమ్డీల మీద కొన్ని సంగాయ్‌లు ఇంకా బతికి ఉన్నాయని కనుక్కున్నారు. ఆయన వృత్తి అసోంలో టీ తోటల నిర్వహణ. బంగారు లంగూర్ అనే కోతికి శాస్త్రీయ నామంలో ఉన్నది కూడా ఈయన పేరే.

మనుషులు సులువుగా అడుగు పెట్టలేని తేలే నేల కాబట్టే ఆ కొన్ని మిగిలాయి. కానీ ఎన్ని మిగిలాయి? 1975లో ఆకాశం నుంచి చూసి లెక్క వేస్తే 14 కనిపించాయి. పద్నాలుగే! మా స్కూల్ వ్యాన్‌లో ఒక ట్రిప్పులో ఎక్కే పిల్లలు అంతకంటే ఎక్కువ ఉంటారు.

1977లో ఆ ప్రాంతాన్ని నేషనల్ పార్క్ చేశారు. వేట తగ్గింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సంగాయ్‌కి అత్యున్నత రక్షణ ఉంది. చుట్టుపక్కల గ్రామాల వాళ్లలోనూ ఇది మా జింక అనే భావన పెరిగింది. సంగాయ్ రక్షణ కోసం స్థానిక సంఘాలు పనిచేయడం మొదలుపెట్టాయి. 2003 లెక్కలో 180, 2013లో 204, 2016లో 260 జింకలు. పద్నాలుగు నుంచి 260! వినడానికి సుఖాంతంలా ఉంది. నేనూ ఇక్కడితో ఆపేసి పిల్లలకు చెప్పేద్దామనుకున్నాను. కానీ జింకల లెక్క పెరుగుతున్న కాలంలోనే వాటి కింద నేల పలచబడుతోంది. అసలు విషయం ఇదే.

ఎండాకాలం రాని సరస్సు

ఇందాక వదిలేసిన మిగతా సగం జవాబుకు వద్దాం. ఫుమ్డీకి మందం ఎక్కడి నుంచి వస్తుంది?

పూర్వం లోక్‌తక్‌కు రెండు కాలాలుండేవి. వర్షాకాలంలో కొండల మీది వాగులు, మణిపూర్ నది పొంగు కలిసి సరస్సు నిండేది. ఫుమ్డీ నీటితో పాటు పైకి లేచేది. చలికాలం దాటి ఎండలు మొదలయ్యేసరికి నీరు మెల్లగా నదిలోకి దిగిపోయేది. సరస్సు మట్టం తగ్గేది. అప్పుడు ఫుమ్డీ కిందికి దిగి సరస్సు అడుగున ఉన్న బురద మీద కూర్చునేది. పైనున్న మొక్కల వేళ్లు ఆ బురదలోకి వెళ్లి ఎరువు, ఖనిజాలు పీల్చుకునేవి. రెండు మూడు నెలలు కడుపునిండా తిని బలపడేవి. మళ్లీ వానలు రాగానే ఆ బలంతో, కొంత మట్టిని కూడా వెంట తీసుకుని పైకి లేచేవి. ప్రతి సంవత్సరం ఇలా అరిగినంత మేరకు మళ్లీ పెరిగేది. అంటే తేలే నేల తేలుతూ ఉండాలంటే ఏడాదికొకసారి మునగాలి!

1983లో మణిపూర్ నది మీద ఇథాయ్ దగ్గర బ్యారేజీ ప్రారంభమైంది. లోక్‌తక్ జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం కట్టింది అది. సరస్సు నీటిని కొండ కింది సొరంగం గుండా మళ్లించి 105 మెగావాట్ల కరెంటు తయారు చేస్తారు. ఏడాది పొడవునా కరెంటు కావాలంటే ఏడాది పొడవునా సరస్సులో నీరుండాలి. కాబట్టి బ్యారేజీ గేట్లు నీటిని ఆపి ఉంచాయి. లోక్‌తక్‌కు ఎండాకాలం లేకుండా పోయింది.

ఇక ఏం జరుగుతుందో మీరే ఊహించవచ్చు. నీటి మట్టం తగ్గదు. ఫుమ్డీ బురద మీద దిగదు. వేళ్లకు తిండి అందదు. పై నుంచి వాడకం, కింద నుంచి కుళ్లడం ఆగవు, కొత్తగా చేరేది తక్కువ. జీతం ఆగిపోయి దాచిన డబ్బులు తీసుకుంటూ బతికే ఇల్లు ఎలా ఉంటుందో, పార్కులోని ఫుమ్డీ అలా పలచబడుతూ వస్తోంది. పలచబడిన చోట జింక కాలు దిగబడుతుంది. బయటికి తీసుకోలేకపోతే అంతే. జింక తినే గడ్డి రకాలు కూడా తగ్గిపోతాయి.

విచిత్రం ఏమిటంటే, పార్కులో ఫుమ్డీ పలచబడుతుంటే సరస్సు మిగతా భాగంలో ఫుమ్డీ అతిగా పెరిగింది. పూర్వం వానాకాలం ప్రవాహంలో విడిపోయిన ముక్కలు కాలువల గుండా నదిలోకి కొట్టుకుపోయేవి. ఇప్పుడు ఆ దారి లేదు. ఇంఫాల్ పట్టణం మురుగు నంబుల్ నది ద్వారా వచ్చి సరస్సులో చేరుతోంది. కావలసిన చోట కొరత, అక్కర్లేని చోట పేరుకుపోవడం. 1990లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరిన లోక్‌తక్, 1993లో అదే ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న నేలల జాబితాకు ఎక్కింది.

నష్టం జింకలకే కాదు. నీటి మట్టం దిగకపోవడంతో సరస్సు ఒడ్డున వేల ఎకరాల పొలాలు శాశ్వతంగా మునిగిపోయాయి. వరి పండించిన రైతులు వలలు పట్టుకోవాల్సి వచ్చింది. నది నుంచి సరస్సులోకి ఎదురెక్కి వచ్చే చేపలకు బ్యారేజీ అడ్డయింది. 2011లో సరస్సును శుభ్రం చేసే చర్యల్లో భాగంగా ఫుమ్డీల మీద ఉన్న వందల గుడిసెలను తొలగించారు. సరస్సు ఇలా మారడంలో ఆ మత్స్యకారుల పాత్ర ఎంత, బ్యారేజీ పాత్ర ఎంత అన్న వాదన అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది.

క్లాసులో ఏం జరిగింది

వారం తర్వాత ఇదంతా పిల్లలకు చెప్పాను. బోర్డు మీద రెండు బొమ్మలు గీశాను. ఒకటి ఎండాకాలంలో దిగిన ఫుమ్డీ, ఒకటి ఎప్పుడూ తేలే ఫుమ్డీ. చివర్లో అడిగాను, "ఇప్పుడు ఏం చేయాలి?"

"బ్యారేజీ పగలగొట్టేయాలి మేడం!" అని సగం క్లాసు.

"మరి కరెంటో?" అని ఒక అమ్మాయి. "మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కరెంటు పోతే మోటారు ఆడదు. పంట ఎండిపోతుంది."

"జింకలన్నింటినీ జూకి తీసుకెళ్లిపోదాం" అని ఇంకొకడు. కోల్‌కతా, ఢిల్లీ జూలలో సంగాయ్‌లను పెంచుతున్నారని, కానీ కొద్దిపాటి జంతువుల నుంచే మొదలుపెట్టి వాటిలో వాటికే సంతానం కలిగితే తర్వాతి తరాలు బలహీనపడతాయని చెప్పాను. పైగా జూలో సిమెంటు నేల మీద పుట్టిన జింకకు ఫుమ్డీ మీద నడక ఎవరు నేర్పుతారు?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మొదటి రోజు ప్రశ్న అడిగిన అబ్బాయే లేచాడు. "మేడం, మొత్తం తీసేయక్కర్లేదు కదా. ఎండాకాలంలో రెండు నెలలు గేట్లు తెరిస్తే చాలదా?"

నిజం చెప్పాలంటే నేను ఆశ్చర్యపోయాను. లోక్‌తక్ మీద పనిచేసే నిపుణులు కూడా ఏళ్లుగా ఈ దారి గురించే మాట్లాడుతున్నారు. ఎండాకాలంలో కొంతకాలం నీటి మట్టం తగ్గించి ఫుమ్డీని బురద మీదికి దించాలని. బ్యారేజీని పూర్తిగా తొలగించాలనే డిమాండ్ కూడా మణిపూర్‌లో బలంగా ఉంది. ఏ దారి ఎంచుకున్నా ఎవరో ఒకరు కొంత వదులుకోవాలి. ఎంత, ఎవరు, ఎన్ని రోజులు అన్నదే కష్టమైన లెక్క. ఆ లెక్కకు మా క్లాసులో జవాబు దొరకలేదు. దొరకాలని నేనూ అనుకోలేదు. కానీ ఒక్క విషయం అందరికీ తెలిసింది. చుట్టూ కంచె వేసి, కాపలా పెట్టి, వేటగాళ్లను ఆపినంత మాత్రాన జంతువు బతకదు. అది బతికే చోటుకు ఒక ఊపిరి ఉంటుంది. లోక్‌తక్‌కు ఆ ఊపిరి నీటి ఎగుడుదిగుడే.

మనకు దగ్గరలో

మణిపూర్ దూరం అనిపిస్తే కొల్లేరును చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకెళ్తుంది. వానల్లో నిండడం, ఎండల్లో కుంచించుకుపోవడం కొల్లేరుకు కూడా సహజం. చేపల చెరువుల గట్లు పెరిగాక నీరు పరుచుకునే చోటు తగ్గింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చెరువులను పెద్ద ఎత్తున కొట్టేశారు. అక్కడ కూడా గూడబాతులు ఒక వైపు, చెరువు మీద బతికే కుటుంబాలు మరో వైపు. లోక్‌తక్ కథ చదివాక కొల్లేరు గొడవ నాకు కొత్తగా అర్థమైంది. రెండు చోట్లా ప్రశ్న ఒకటే: నీటికి దాని కాలం దానికి వదులుతామా, లేక మన అవసరానికి కట్టేస్తామా?

ఇంట్లో చేసి చూడండి

సెలవుల్లో పిల్లలతో కలిసి చేయగలిగిన చిన్న ప్రయోగం ఇది. రెండు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులు తీసుకోండి. రెండింటి అడుగున రెండు వేళ్ల మందం తోట మట్టి పరవండి. అరచేయంత కొబ్బరి పీచు ముక్కలు రెండు చదునుగా చేసి, తేలడానికి అంచులకు చిన్న థర్మాకోల్ ముక్కలు కట్టండి. వాటి మీద మెంతులు చల్లి, మొలకలొచ్చే దాకా తడిపి ఉంచండి. మొలకలు రాగానే రెండు టబ్బుల్లో నీళ్లు పోసి తేల్చండి.

మొదటి టబ్బులో నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా, ఎత్తుగా ఉంచండి. రెండో టబ్బులో నాలుగు రోజులు నీళ్లు ఉంచి, తర్వాత నాలుగు రోజులు పీచు ముక్క మట్టి మీద కూర్చునేంత వరకు నీళ్లు తీసేయండి. ఇలా నెల రోజులు మార్చి మార్చి చేయండి. ఏ మొక్కలు ఎంత ఎత్తు పెరిగాయి, ఆకుల రంగు ఎలా ఉంది, వేళ్లు ఎంత పొడవున్నాయి అని వారానికొకసారి పిల్లలతో నోటుబుక్కులో రాయించండి. అనుకున్నట్టు రాకపోయినా పరవాలేదు, ఎందుకు రాలేదో రాయమనండి. అది కూడా సైన్సే. దోమలు గుడ్లు పెట్టకుండా టబ్బుల మీద పలచటి గుడ్డ కప్పడం, నీళ్లు మారుస్తూ ఉండడం మర్చిపోకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో టబ్బులు వాళ్లకు అందని చోట పెట్టండి.

వెళ్లాలనుకునే వారికి

ఇంఫాల్‌కు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు మీద పార్కుకు చేరుకోవచ్చు. సుమారు 50 కిలోమీటర్లు. నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. జింకలు కనిపించాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి, ఓపిక కూడా కావాలి. మణిపూర్ వెళ్లే ఇతర రాష్ట్రాల వారికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. 2023 మే నుంచి ఆ రాష్ట్రంలో ఘర్షణలు జరిగాయి, అందుకని ప్రయాణం అనుకుంటే ముందు పరిస్థితులు కనుక్కుని, అధికారుల సూచనలు చూసుకున్నాకే టికెట్లు తీసుకోండి.

చివరిగా ఒక మాట

తర్వాతి వారం యూనిట్ టెస్ట్‌లో ఆ బిట్ వచ్చింది. అందరికీ ఒక మార్కు వచ్చింది, ఎప్పటిలాగే. కానీ ముగ్గురు పిల్లలు జవాబు పక్కన చిన్నగా రెండు బొమ్మలు గీశారు, ఒకటి మునిగిన ఫుమ్డీ, ఒకటి తేలుతున్నది. వాటికి మార్కులు లేవు. అయినా ఆ పేపర్లు దిద్దుతూ చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

మార్కులు ముఖ్యం కాదని మీకు చెప్పను. ఫీజు కట్టి పంపిస్తున్నారు, మార్కులు అడిగే హక్కు మీకుంది, తెప్పించే బాధ్యత మాకుంది. నేను అడిగేది ఒక్కటే. ఈ నెల మీ పిల్లలు ఇంటికొచ్చి బిట్లు అప్పజెప్పినప్పుడు, ఏదో ఒక బిట్ దగ్గర ఆపి, "అదెందుకలా?" అని అడగండి. జవాబు వాళ్లకు తెలియకపోవచ్చు, మీకూ తెలియకపోవచ్చు. మర్నాడు ఆ ప్రశ్నను మా దగ్గరికి పంపండి. మాకూ తెలియకపోతే "రేపు చెప్తాం" అంటాం. ఆ రేపు రావడానికి వారం పట్టినా, తప్పకుండా చెప్తాం.